దొర్లే రాళ్లు ఎప్పుడు ఆగాలి?

మా ఇంట్లో వాదన అంటే మామూలుగా కరెంటు బిల్లు గురించో, నా లెక్కల మార్కుల గురించో ఉంటుంది. పోయిన వేసవి సెలవుల్లో మాత్రం వేరే వాదన నడిచింది. ఇంగ్లండుకు చెందిన ఒక పాత రాక్ బృందం ఇంకా దేశాలు తిరిగి కచేరీలు చేయాలా, ఇక చాలించుకోవాలా అన్నదే ఆ వాదన. నవ్వకండి. ఆ బృందానికీ మాకూ ఏ సంబంధమూ లేదని నేనూ మొదట నవ్వాను. కానీ ఆ వాదన వినీ వినీ నేను మా ఇంట్లోనే చేసిన ఒక తప్పు నాకు తెలిసొచ్చింది. అందుకే మన పత్రికకు ఈ వ్యాసం రాస్తున్నాను.

వాదించినవాళ్లు ఇద్దరు. ఒకరు మా చిన్నమామ. పగలు మరమగ్గం నడుపుతాడు. వినాయక చవితి రోజుల్లో బెంగళూరు వీధుల్లో జరిగే ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయిస్తాడు. రెండో ఆయన అదే ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తారు. అసలు పేరు ఉంది కానీ వీధిలో అందరమూ గిటారన్న అనే పిలుస్తాం. ఇద్దరికీ రోలింగ్ స్టోన్స్ బృందమంటే ప్రాణం. అభిమానులిద్దరూ ఒకే వైపు ఉండాలి కదా? ఉండరు. గిటారన్న "ఇంక ఆపేయాల, ఉన్న పేరు పోగొట్టుకుంటాండారు" అంటారు. మామ "చేతులాడినన్నాళ్లూ ఆడనీ, నీ సొమ్మేం పోయింది?" అంటాడు.

రోలింగ్ స్టోన్స్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఈ బృందం 1962లో లండన్‌లో మొదలైంది. ఆ ఏడు జూలై 12న మార్కీ క్లబ్బులో మొదటి కచేరీ చేశారు. పేరును అమెరికాలోని నల్లజాతి బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట నుంచి తీసుకున్నారు. రోలింగ్ స్టోన్స్ అంటే దొర్లే రాళ్లు. మొదటి రోజుల నుంచి ఉన్నవాళ్లలో ఇప్పుడు బృందంలో ఇద్దరే ఉన్నారు. పాడేది మిక్ జాగర్, గిటార్ వాయించేది కీత్ రిచర్డ్స్. ఇద్దరూ 1943లో పుట్టినవారే. 1975 నుంచి వాళ్లతో వాయిస్తున్న ఇంకో గిటారిస్టు రానీ వుడ్ 1947లో పుట్టారు. ముగ్గురిలో ఆయనే చిన్నవారు! ఇంత పెద్దవాళ్లను "వచ్చాడు, పాడాడు" అని రాస్తే మా తెలుగు టీచరు ఊరుకోరు. కాబట్టి గౌరవంగానే రాస్తాను. అయితే గౌరవం విమర్శకు అడ్డు రాకుండా చూసుకుంటాను.

గోడ అవతలి కచేరీ

మామ వాదన వెనకాల ఒక కథ ఉంది. 2003 ఏప్రిల్ 4న రోలింగ్ స్టోన్స్ మన బెంగళూరు వచ్చారు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ. మూడు రోజుల తర్వాత ముంబై బ్రబోర్న్ స్టేడియంలో ఇంకొకటి. భారతదేశంలో వాళ్ల మొదటి కచేరీలు అవే. అప్పుడు మామకు పదిహేడేళ్లు. టికెట్టు కొనే డబ్బు లేదు. అందుకని ఇద్దరు స్నేహితులతో పోయి, గోడ బయట రోడ్డు పక్కన నిలబడి విన్నాడు.

"ఏం కనిపించలేదు కదా మామా, మరి ఏం విన్నావు?" అని అడిగాను.

"పాట సగం సగమే వినిపించింది పాపా. గాలి ఎటు పోతే అటు పోయేది. డ్రమ్ము మాత్రం నేరుగా వచ్చి ఇక్కడ కొట్టింది" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ డ్రమ్ము వాయించినవారు చార్లీ వాట్స్. ఆ రోజు ఆయనకు అరవై ఒకటి. అప్పుడు కూడా చాలామంది "ముసలాళ్లు అయిపోయారు, ఇదే ఆఖరి పర్యటన" అనుకున్నారట. అప్పుడే ఆపేసి ఉంటే మామకు ఆ సాయంత్రం దొరికేది కాదు. "వాళ్లకు అరవై అయిందని అప్పుడే ఇంటికి పంపించి ఉంటే?" అని మామ ఎప్పుడూ అడుగుతాడు. ఇది మంచి ప్రశ్నే. అయితే ఇందులో ఒక లోపం కూడా ఉంది. అరవైలో బాగా వాయించినవాళ్లు ఎనభైలో కూడా బాగా వాయిస్తారని దీనివల్ల తేలదు. గిటారన్న పట్టుకున్నది సరిగ్గా ఆ లోపాన్నే.

పక్కపక్కన పెట్టి విన్న మూడు కచేరీలు

ఇద్దరి మాటలూ విన్నాక నేనే వినాలనుకున్నాను. మూడు కచేరీలు ఎంచుకున్నాను. మొదటిది 1969 నవంబరులో ఎక్కువ భాగం న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రికార్డు చేసి, మరుసటి ఏడు విడుదల చేసిన లైవ్ ఆల్బమ్. రెండోది 2006లో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో మార్టిన్ స్కోర్సేసీ తీసిన "షైన్ ఎ లైట్" సినిమా. మూడోది 2024 అమెరికా పర్యటన, అంటే జనం ఫోన్లలో తీసిన వీడియోలు. జాగర్ గారికి మొదటిదాంట్లో 26 ఏళ్లు, రెండోదాంట్లో 63, మూడోదాంట్లో 80.

1969 రికార్డు విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. పడుచువాళ్లు కదా, పరుగులు పెట్టి వాయిస్తారనుకున్నాను. అట్లా లేదు. నింపాదిగా, బరువుగా వాయించారు. ఎద్దుల బండి దిగువకు పోయేటప్పుడు ఎద్దులు వెనక్కి పట్టి నడుస్తాయే, అట్లా ఉంది. రెండు గిటార్లు ఒకదాని మాట ఇంకొకటి అందుకుంటూ పోతాయి. గిటారన్న కొలబద్ద ఈ రికార్డే. "ఇట్లా వాయించినవాళ్లు ఇప్పుడు అట్లా వాయిస్తే ఎట్లా వినేది?" అంటారు. కానీ ఆయనే ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ రికార్డులో గొంతు కొన్నిచోట్ల కచేరీ అయిపోయాక స్టూడియోలో మళ్లీ పాడి అతికించిందేనట. అంటే మనం ఇప్పటి ఫోన్ వీడియోను పోల్చేది అతుకులు వేసి ఇస్త్రీ చేసిన పాత బట్టతో! 1969లో ఆ హాల్లో కూర్చున్నవాళ్లు విన్నది కూడా సరిగ్గా అది కాదు. అభిమానులు "ఆ రోజుల్లో" అనేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

2006 సినిమాలో జాగర్ గారు ఒక్క నిమిషం కూడా కుదురుగా నిలబడరు. నాకు చూస్తుంటేనే ఆయాసం వచ్చింది. నిజం చెప్పాలంటే కొన్ని పాటల్లో ఆ గంతులు పాటను మింగేశాయి. కానీ మధ్యలో అతిథిగా బడ్డీ గై అనే బ్లూస్ గాయకుడు వస్తారు. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు. ఆయన గెంతరు. నిలబడి నోరు తెరుస్తారు, అంతే, హాలంతా ఆయనదైపోతుంది. పక్కనున్న స్టోన్స్ కుర్రాళ్లలా చూస్తూ ఉండిపోతారు. పాట అయ్యాక కీత్ రిచర్డ్స్ తన గిటార్ తీసి ఆయన చేతుల్లో పెట్టేస్తారు. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. అందరికంటే పెద్దాయన అందరికంటే బాగా పాడారు. మరి వయసు పాటకు శత్రువు అని ఎట్లా అంటాం?

ఇక్కడ నాకు ఒక విషయం తోచింది. పాటల్లో రెండు రకాలు ఉన్నాయి. కొన్ని పాటలకు పడుచుతనమే ప్రాణం. కొన్ని పాటలకు వయసు వస్తే బలం వస్తుంది. మన తత్వాలు పాతికేళ్లవాడు పాడితే బాగుంటాయి, డెబ్బై ఏళ్లాయన పాడితే నమ్మకం కలుగుతుంది. బ్లూస్ అట్లాంటిదే. స్టోన్స్ నేర్చుకున్నది బ్లూస్ దగ్గరే. 1981లో షికాగోలోని చెకర్‌బోర్డ్ లౌంజ్ అనే చిన్న చోట మడ్డీ వాటర్స్ పాడుతుంటే స్టోన్స్ పోయి ఆయన పక్కన నిలబడి వాయించారు. ఆ పెద్దాయన్ను "ఇంక ఆపండి" అనడానికి వాళ్లు పోలేదు, నేర్చుకోవడానికి పోయారు.

ఇక 2024. నా నోట్‌బుక్‌లో మంచి, చెడు అని రెండు వరుసలు గీసి రాసుకున్నాను. ముందు చెడు చెప్తాను. జాగర్ గారు వాక్యాల చివరలు కత్తిరిస్తున్నారు. పాత రికార్డులో సాగదీసిన మాటను ఇప్పుడు తుంచి విసిరేస్తున్నారు. అందరికీ తెలిసిన పాట వచ్చిందంటే పై స్వరాన్ని జనానికి వదిలేస్తున్నారు. కీత్ గారి గిటార్‌లో స్వరాలు తగ్గాయి. తన వేళ్లకు కీళ్లవాతం ఉందని, దానివల్ల వాయించే తీరు మారిందని ఆయనే 2023లో చెప్పారు. కొన్ని వీడియోల్లో ఆయన రావలసినచోట రాకపోతే రానీ వుడ్ ఆ ఖాళీ నింపడం నాకు స్పష్టంగా వినిపించింది.

ఇప్పుడు మంచి. మాట స్పష్టంగా ఉంది. తాళం తప్పలేదు. 1969 నాటి "గిమ్మీ షెల్టర్" పాటలో ఆడగొంతు చాలా ముఖ్యం. రికార్డులో దాన్ని మెర్రీ క్లేటన్ పాడారు. 2024లో చానెల్ హేన్స్ అనే గాయని పాడారు. ఆమె గొంతు ఆకాశానికి లేస్తుంటే జాగర్ గారు పోటీకి పోరు. కింద ఉండి పట్టు ఇస్తారు. ఆ పాట యుద్ధం, తుపాను, భయం గురించినది. ఎనభై ఏళ్ల గొంతులో అది ఇంకా నిజంగా వినిపించింది. అదే కచేరీలో కుర్రతనపు పాటలు మాత్రం నాకు వేషం వేసినట్టు అనిపించాయి. కాబట్టి గిటారన్న మాట సగం పాటలకు, మామ మాట మిగతా సగానికి సరిపోతుందని నా తీర్పు. వాళ్లు పాటల జాబితా మార్చుకోవచ్చు. మార్చలేనిదేమీ కాదు. బానిసత్వం గురించిన మాటలున్న "బ్రౌన్ షుగర్" అనే చాలా పేరున్న పాటను 2021లో వాళ్లే పక్కన పెట్టారు.

చార్లీ లేని స్టోన్స్

వాదనలో బాగా వేడెక్కింది ఈ భాగమే. చార్లీ వాట్స్ 2021 ఆగస్టు 24న చనిపోయారు. నెల తిరిగిందో లేదో సెప్టెంబరు 26న సెయింట్ లూయిస్‌లో స్టోన్స్ మళ్లీ వేదిక ఎక్కారు. డ్రమ్స్ దగ్గర స్టీవ్ జోర్డన్ కూర్చున్నారు. ఇది ద్రోహమని కొందరు అభిమానులు ఇప్పటికీ అంటారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఈ ఒక్క విషయంలో మామ గిటారన్న వైపు వచ్చాడు.

మామ చెవి మగ్గం చెవి. ఇంకో గదిలో ఉన్నా సరే, పోగు తెగితే శబ్దంలో తేడా పట్టేసి లేచి పోతాడు. చార్లీ గురించి మామ నాకు ఒకటి చూపించాడు. రాక్ డ్రమ్మర్లు చాలామంది కుడి చేత్తో హై-హ్యాట్ మీద, అంటే జంట తాళాల్లాగా ఉండే దాని మీద, ఆపకుండా కొడతారు. చార్లీ అట్లా కొట్టరు. ఎడమ చెయ్యి స్నేర్ డ్రమ్ము మీద దెబ్బ వేసే క్షణంలో కుడి చేతిని హై-హ్యాట్ మీద నుంచి ఎత్తేస్తారు. దానివల్ల ఆ దెబ్బ ఒంటరిగా, శుభ్రంగా వినబడుతుంది. "ఆ చిన్న ఖాళీలోనే పాట ఊపిరి పీల్చుకుంటుంది పాపా" అన్నాడు మామ. స్టీవ్ జోర్డన్ అట్లా ఖాళీ వదలరు. గట్టిగా, నిండుగా వాయిస్తారు. నాకు కూడా రెండూ వినగా వినగా తేడా తెలిసింది. కొత్త డ్రమ్స్ వల్ల పాటలకు బలం వచ్చింది, ఊగిసలాట పోయింది.

అయినా దీన్ని ద్రోహం అని నేను అనను. చార్లీ బతికుండగానే, తనకు చికిత్స జరిగి రాలేకపోయినప్పుడు, తన స్థానంలో స్టీవ్ జోర్డన్‌ను ఒప్పుకున్నారు. జోర్డన్ కొత్తవారు కూడా కాదు, 1980ల నుంచీ కీత్ రిచర్డ్స్ సొంత ఆల్బముల్లో వాయించినవారు. ఇంకో సంగతి. బేస్ గిటార్ వాయించిన బిల్ వైమన్ 1993లో బృందం వదిలేశారు. అప్పటి నుంచి డారిల్ జోన్స్ వాయిస్తున్నారు. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నా ఆయనను బృంద సభ్యుడిగా లెక్కపెట్టరు! ఎవరు అసలు, ఎవరు అద్దె అని అభిమానులు గీసే గీత న్యాయమైనదేనా అని నాకు అనుమానం. గీత గీయాలంటే పేరు చూసి గీయకూడదు, వినిపించేదాన్ని బట్టి గీయాలి.

టికెట్టు కొన్నవాడి హక్కు

మామ ఒక మాట అంటాడు: "ఎనభై ఏళ్లొచ్చినాక అంతసేపు నిలబడేదే గొప్ప." గిటారన్న వెంటనే "అయితే టికెట్టు రేటు కూడా వయసును బట్టి తగ్గించమను" అంటారు. ఇక్కడ నేను గిటారన్న వైపే.

2024 పర్యటనను డబ్బిచ్చి ప్రాయోజితం చేసిన సంస్థ ఏఏఆర్‌పీ. అమెరికాలో యాభై దాటినవాళ్ల కోసం, రిటైరైనవాళ్ల కోసం పనిచేసే సంస్థ అది. దీని మీద చాలామంది జోకులు వేశారు. నాకు అందులో నవ్వాల్సిందేమీ కనబడలేదు. వేదిక మీద ఉన్నవాళ్లూ, కింద ఉన్న చాలామందీ పెద్దవాళ్లే. దాచడం ఎందుకు? కానీ ఒక్క సంగతి. స్టోన్స్ టికెట్లు చవక కాదు. అంత డబ్బు తీసుకుని వేదిక ఎక్కినప్పుడు "పాపం, పెద్దవాళ్లు" అనే మాట చెల్లదు. పెళ్లి భోజనంలో సాంబారు బాగాలేకపోతే వంటాయన వయసు అడుగుతామా? బాగుంటే బాగుందనాలి, లేకపోతే లేదనాలి.

ముందు ముందు ఏమవుతుంది?

స్టోన్స్ మళ్లీ పర్యటనకు వస్తారా అన్నది అభిమానులు ఎప్పుడూ వాదించుకునే విషయం. తెలిసినవి కొన్ని చెప్తాను. 2019లో జాగర్ గారికి గుండె కవాటానికి చికిత్స జరిగి పర్యటన వాయిదా పడింది. ఏప్రిల్‌లో చికిత్స, జూన్‌లో షికాగోలో కచేరీ! 2022 జూన్‌లో ఆయనకు కోవిడ్ వచ్చి ఆమ్‌స్టర్‌డామ్ కచేరీ వాయిదా పడింది. 2023 అక్టోబరులో "హాక్నీ డైమండ్స్" అనే ఆల్బమ్ విడుదల చేశారు. సొంత కొత్త పాటలతో అంతకుముందు వచ్చిన ఆల్బమ్ 2005 నాటిది. తర్వాత 2024 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పర్యటన మొదలై జూలై 21న మిస్సోరీలో ముగిసింది. ఇంకో ఐదు రోజులకు జాగర్ గారికి 81 నిండాయి. 2025లో పర్యటన జరగలేదు.

పాడటం వేరు, పర్యటించడం వేరు. ఒక స్టేడియంలో అంత పెద్ద వేదిక కట్టి, విప్పి, లారీలకెత్తి, ఇంకో ఊళ్లో మళ్లీ కట్టాలి. మనుషులు విమానాల్లో తిరగాలి. రాత్రి కచేరీ, పగలు ప్రయాణం. అందుకే కొందరు అభిమానులు "ఒకే ఊళ్లో ఉండి వరసగా కొన్ని రోజులు వాయించండి, మేమే వస్తాం" అంటారు. యూటూ బృందం 2023లో లాస్ వేగస్‌లో అట్లాగే చేసింది. ఇంకో దారి జెనెసిస్ బృందం చూపించింది. ఆ బృందం గాయకుడు ఫిల్ కాలిన్స్ ఒకప్పుడు గొప్ప డ్రమ్మర్. ఆరోగ్యం దెబ్బతిని నిలబడలేని స్థితిలో కూడా కుర్చీలో కూర్చుని పాడారు, కొడుకు నిక్ డ్రమ్స్ వాయించాడు. పాటల శ్రుతి దించుకున్నారు. 2022 మార్చి 26న లండన్‌లో ఆఖరి కచేరీ చేసి, ఇదే ఆఖరిదని జనానికి చెప్పి ముగించారు. "కుర్చీలో కూర్చుని రాక్ పాడటమేమిటి" అన్నవాళ్లూ ఉన్నారు, ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

నాకైతే స్టోన్స్ కూడా కుర్చీలు వేసుకుని, చిన్న హాల్లో, బ్లూస్ పాటలు పాడితే బాగుంటుందనిపిస్తుంది. "హాక్నీ డైమండ్స్" చివరి పాటలో జాగర్, రిచర్డ్స్ ఇద్దరే ఉంటారు. అది మడ్డీ వాటర్స్ పాట. తమకు పేరు ఇచ్చిన ఆ పాటను అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి రికార్డు చేశారు. అందులో గెంతులు లేవు, లైట్లు లేవు. ఒక గిటార్, ఒక గొంతు, ఒక హార్మోనికా. వాళ్ల కొత్త రికార్డులో నేను మళ్లీ మళ్లీ విన్నది అదొక్కటే. ముందు ముందు వాళ్ల దారి అదేనని నా అభిప్రాయం. మామ ఒప్పుకోలేదు. "స్టేడియం లేకపోతే గోడ బయటోడికి ఎట్లా వినిపిస్తుంది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా అవ్వ సంగతి

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మా అవ్వ మా వీధి రామమందిరంలో చాలా ఏళ్లుగా ధనుర్మాసంలో మేలుకొలుపులు, మంగళహారతులు పాడుతుంది. ఆమెకు 76 ఏళ్లు. పోయిన ధనుర్మాసంలో హారతి పాట మధ్యలో ఊపిరి అందక ఒకటి రెండుసార్లు ఆగిపోయింది. మందిరం పెద్దలు, ఇక పెన్‌డ్రైవ్‌లో రికార్డు పాటలు పెడదామనుకున్నారు. ఆ మాట అవ్వకు చెప్పే పని నాకు అప్పగించారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే, అవ్వ ఆగిపోయిన రోజు నా స్నేహితురాళ్లు అక్కడే ఉన్నారు, నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చి మాత్రం చాలా మంచిదానిలాగా "అవ్వా, నీకు పొద్దున్నే చలిలో కష్టం కదా, పాపం, ఇంక రికార్డు పెడతారంట" అన్నాను.

అవ్వ మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు జడ వేస్తూ అడిగింది: "నేను యాడ తప్పినానో చెప్పు."

నాకు చెప్పడం రాలేదు. ఎందుకంటే నేను సరిగ్గా వినలేదు. తప్పిందని మాత్రం తెలుసు. ఎక్కడ, ఏ మాట దగ్గర, ఎందుకు అన్నది తెలియదు. "పాపమనొద్దు. శ్రుతి తప్పితే తప్పిందని చెప్పు, పాపమని మాత్రం అనొద్దు" అంది అవ్వ.

ఇంగ్లండు ముసలాయనల పాట కోసం నోట్‌బుక్‌లో గీతలు గీసి రాసుకున్న నేను, మా అవ్వ పాటను ఒక్కసారి కూడా అట్లా వినలేదు. వేసవి సెలవుల చివర్లో వంటింట్లో అవ్వను పాడమని అడిగి, అదే నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. మాట స్పష్టంగా ఉంది. తాళం ఎక్కడా తప్పలేదు. రెండో చరణంలో పైకి పోయే చోట మాత్రం ఊపిరి చాలడం లేదు. అంతే, ఆ ఒక్క చోట. అదే మాట అవ్వకు చెప్పాను. ఆమె బాధపడుతుందనుకున్నాను. "అవును, ఆడనే" అని తల ఊపింది. ఆమెకు ముందే తెలుసు. ఎవరైనా విని చెప్తారేమో అని చూస్తోంది.

ఇప్పుడు మేం హార్మోనియం మీద శ్రుతి ఒక మెట్టు దించి పాడుతున్నాం. రెండో చరణంలో పై పంక్తి నేను అందుకుంటాను, అవ్వ కింద ఉండి పట్టు ఇస్తుంది. మందిరం పెద్దలు ఈ ధనుర్మాసానికి ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు. ఒకసారి వచ్చి వినమని నేనే పోయి అడిగాను. విన్న తర్వాత వద్దంటే వద్దనే.

స్టోన్స్ విషయంలో కూడా చివరికి నేను చెప్పేది ఇదే. ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది పాడేవాళ్లు. అభిమానుల పని వినడం, విన్నది దాచకుండా చెప్పడం. పాత రికార్డును పట్టుకుని వినకుండానే ఆపేయమనడం ఎంత తప్పో, జాలిపడి అన్నీ బాగున్నాయనడం కూడా అంతే తప్పు. ఈ రాత్రి వాళ్ల దగ్గర ఏముందో, దానితో వాళ్లు ఏం చేశారో, అది చూసి మార్కులు వేయాలి. 2024 కచేరీలకు నేను వందకు అరవై ఐదు వేశాను. గిటారన్న నలభై, మామ తొంభై. అవ్వకు కూడా ఆ చివరి పాట వినిపించాను. భాష అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని మొత్తం విని, "ఈయప్పకు ఊపిరి బాగుంది, యాడ నిలపాలో తెలుసు" అంది. మార్కులు మాత్రం వేయలేదు.